శ్వాసనాళం: మాట అర్థం, వాడుక, పుట్టుక – తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల ఉన్నత పాఠశాలల్లో నేను చాలా ఏళ్లు జీవశాస్త్రం చెప్పాను. పిల్లలు, వాళ్ల తల్లిదండ్రులు, ఆసుపత్రి కాగితం పట్టుకుని వచ్చే ఇరుగుపొరుగువారు మెడలోని ఈ చిన్న గొట్టం గురించి అడిగినన్ని ప్రశ్నలు ఇంకే అవయవం గురించీ అడగలేదు. వాటిలో సగానికి పైగా దాని పేరుతో ముడిపడినవే. ఒకే గొట్టానికి బడిలో ఒక పేరు, పత్రికలో ఇంకొక పేరు, ఆసుపత్రిలో మూడవ పేరు, ఇంట్లో నాలుగవ పేరు ఉండడం వలన వచ్చిన చిక్కు అది. ఆ ప్రశ్నలకు నాకు తెలిసిన సమాధానాలను ఇక్కడ ఒకచోట చేరుస్తున్నాను.

శ్వాసనాళం అంటే సరిగ్గా ఏ భాగం?

తల కొంచెం పైకెత్తి, రెండు జత్రుకల (మెడ కింద అడ్డంగా ఉండే ఎముకల) నడుమ మెడ అడుగున ఉండే గుంటలో వేలు మెల్లగా ఆనిస్తే, గట్టిగా, గరుకుగా, మెట్లు మెట్లుగా తగిలేదే శ్వాసనాళం. స్వరపేటిక అడుగున మొదలై, ఛాతీలోకి దిగి, అక్కడ రెండుగా చీలి కుడి, ఎడమ ఊపిరితిత్తులలోకి పోతుంది. పెద్దవారిలో దీని పొడవు సుమారు 10 నుంచి 12 సెంటీమీటర్లు, వెడల్పు సుమారు 2 సెంటీమీటర్లు. దీని గోడలో 16 నుంచి 20 వరకు మృదులాస్థి (లేత ఎముక) ఉంగరాలు ఉంటాయి. ఉంగరాలని అలవాటు కొద్దీ అంటున్నాం కానీ అవి పూర్తి వలయాలు కావు. వెనక వైపు తెరిచి ఉండే గుర్రపు నాడాల వంటివి. ఆ తెరిచిన చోటును మెత్తని కండర పొర కప్పుతుంది. సరిగ్గా ఆ మెత్తని గోడకు ఆనుకునే అన్నవాహిక ఉంటుంది.

ఈ సంగతి బొమ్మలో చూపిస్తే పిల్లలకు అందేది కాదు. అందుకని ఏటా ఒక ఆదివారం మాంసం కొట్టుకు వెళ్లి, మేక ఊపిరితిత్తులను గొట్టం కోయకుండా ఇమ్మని అడిగి తెచ్చి, మంచులో ఉంచి, సోమవారం తరగతిలో అరటాకు మీద పెట్టేవాణ్ణి. పిల్లల్లో ఒకరు వేళ్లతో ముందు వైపు నొక్కేవారు. గొట్టం అణగదు, వదలగానే తిరిగి గుండ్రంగా తెరుచుకుంటుంది. వెనక వైపు నొక్కితే వేలు లోపలికి దిగుతుంది. ఆ తరువాత సైకిలు పంపు గొట్టాన్ని దానికి బిగించి గాలి కొడితే, చేతిలో ముద్దలా ఉన్న ఎర్రటి తిత్తులు లేత గులాబీ రంగుకు తిరిగి పొంగేవి. గాలి పోయే దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి, అన్నం ముద్ద దిగేటప్పుడు మాత్రం వెనక గోడ కాస్త సందు ఇవ్వాలి అన్న మాట ఆ ఒక్క పూటలో బోధపడేది.

బడి పుస్తకంలో వాయునాళం అని ఉంది, పత్రికల్లో శ్వాసనాళం అని రాస్తున్నారు. ఏది సరైనది?

నన్ను అందరికంటే ఎక్కువగా అడిగిన ప్రశ్న ఇదే, చిక్కు కూడా ఇక్కడే ఉంది. పదవ తరగతి జీవశాస్త్రంలో గాలి ప్రయాణించే దారిని తెలుగు మాధ్యమం పిల్లలు ఈ వరుసలో చదివారు: నాసికా రంధ్రాలు, నాసికా కుహరం, గ్రసని (నోటి వెనక ఉండే గొంతు భాగం), స్వరపేటిక, వాయునాళం, శ్వాసనాళాలు, శ్వాసనాళికలు, వాయుగోణులు. అంటే ఆ లెక్కలో మెడలోని ఒక్క పెద్ద గొట్టం వాయునాళం; అది చీలిన తరువాత వచ్చే రెండు కొమ్మలు శ్వాసనాళాలు; వాటి నుంచి చీలిపోయే సన్నని గొట్టాలు శ్వాసనాళికలు. ఇంగ్లీషులో చెప్పాలంటే వరుసగా ట్రేకియా, బ్రాంకై, బ్రాంకియోల్స్.

పత్రికలలోను, మామూలు వ్యాసాలలోను మాత్రం శ్వాసనాళం అంటే మెడలోని పెద్ద గొట్టమే. ‘చిన్నారి శ్వాసనాళంలో ఇరుక్కున్న వేరుశనగ గింజ’ అన్న వార్త చదివినప్పుడు పాఠకుడు ఊహించుకునేది ఆ గొట్టాన్నే. ఈ రెండు వాడుకలూ పరస్పరం తెలియనట్టే నడుస్తూ వచ్చాయి. నా విద్యార్థిని ఒకతె బొమ్మ చక్కగా గీసి, పెద్ద గొట్టానికి తాను రోజూ పత్రికలో చూసే పేరు రాసినందుకు మూల్యాంకనంలో మార్కు పోగొట్టుకుంది. ఆ అమ్మాయికి విషయం తెలియక కాదు. మనం పేర్లు ఒక కుదురుగా పెట్టుకోనందువలన జరిగిన నష్టం అది. అది నన్ను చాలా కాలం బాధించింది.

పరీక్ష రాసేవారు పుస్తకంలోని వరుసనే పాటించాలి. అక్కడ వాదనకు చోటు లేదు. మామూలు పాఠకుల కోసం రాసేటప్పుడు శ్వాసనాళం అనడంలో తప్పు లేదు, ఆ మాట జనంలో స్థిరపడింది. అయితే ఒకే వ్యాసంలో చీలికల ప్రస్తావన కూడా వస్తే, పెద్ద గొట్టాన్ని వాయునాళం అని, చీలికలను శ్వాసనాళాలు అని వేరు చేసి రాయడమే మర్యాద. రెండింటినీ కలగాపులగం చేస్తే, ఇరుక్కున్నది మెడలోనా ఛాతీలోనా అన్న తేడా పాఠకుడికి తెలియకుండా పోతుంది.

ఈ మాట ఎలా ఏర్పడింది?

శ్వాస, నాళం అనే రెండు సంస్కృత పదాల సమాసం ఇది. శ్వాస కొరకైన నాళం అని విగ్రహవాక్యం చెప్పుకోవచ్చు. ‘శ్వస్’ ధాతువుకు ఊపిరి పీల్చడం, వదలడం అని అర్థం. ఉచ్ఛ్వాసం, నిశ్శ్వాసం అనే జంట మనకు బడిలోనే పరిచయం.

నాళం కథ ఇంకా అందమైనది. నాలం, నాళం అనే మాటకు మొదటి అర్థం లోపల డొల్లగా ఉండే కాడ, ముఖ్యంగా తామర కాడ. మన వైపు చెరువుల్లో తామరాకు కాడను విరిచి చూసిన వారికి తెలుస్తుంది: దాన్ని తెలుగులో తూడు అంటాం; అడ్డంగా కోస్తే లోపల వరుసగా గుండ్రని రంధ్రాలు కనిపిస్తాయి. ఆ రంధ్రాలు ఊరికే లేవు. నీటి పైనున్న ఆకు నుంచి బురదలోని దుంపకు గాలి అందేది ఆ దారిలోనే. ఒక కొసను నీటిలో ముంచి ఇంకొక కొస నుంచి ఊదితే బుడగలు వస్తాయి. శరీరంలోని గాలి గొట్టానికి తామర కాడ పేరు పెట్టిన వారు తూడు గాలిని మోస్తుందని ఎరిగి పెట్టారో, డొల్లగా ఉంది కనుక పెట్టారో గానీ, ఇంతకంటే పొందికైన పేరు నేను చూడలేదు.

పొరుగు భాషలూ దాదాపు ఇదే బాట పట్టాయి. ఇచ్ఛాపురం దాటితే వినిపించే ఒడియాలో శ్వాసనళి, హిందీలో శ్వాసనలీ, కన్నడంలో శ్వాసనాళ అంటారు. తమిళం మాత్రం సంస్కృతం జోలికి పోకుండా మూచ్చుక్కుళాయ్, అంటే ఊపిరి గొట్టం, అని సొంత మాట కట్టుకుంది. అరబ్బు వైద్యులు ‘ఖసబ’ అన్నారు. ఆ మాటకు రెల్లు కాడ అని అర్థం. తామర కాడైనా రెల్లు కాడైనా, గాలి గొట్టాన్ని చూసినప్పుడు వేర్వేరు చోట్ల మనుషులకు మొక్కే గుర్తుకు రావడం నాకు ఎప్పటికీ విసుగు పుట్టని విషయం.

విశ్వాసం, ఆశ్వాసం అనే మాటలకు దీనితో సంబంధం ఉందా?

ఉంది, అన్నీ ‘శ్వస్’ నుంచి వచ్చినవే. విశ్వాసం అంటే ఎదుటివారి దగ్గర భయం లేకుండా నిమ్మళంగా ఊపిరి తీసుకోగలగడం. నమ్మకం అన్న అర్థం అలా వచ్చింది. ఆశ్వాసం అంటే ఊపిరి తీసుకునే విరామం, ఊరట. తెలుగు భారతంలోను, ఆ తరువాతి కావ్యాలలోను అధ్యాయాలను ఆశ్వాసాలు అంటున్నది అందుకే; చదివేవారు, వినేవారు కాసేపు ఊపిరి తీసుకునే చోటు అది.

పీక, గొంతు, కుత్తుక, కంఠం: వీటిలో శ్వాసనాళం ఏది?

ఖచ్చితంగా ఏదీ కాదు, కొంచెం కొంచెంగా అన్నీ. శాస్త్రం గొట్టాలను విడదీసి పేర్లు పెడుతుంది. వాడుక భాష మెడ ముందు భాగాన్ని, లోపలి దారులను, వాటిలోంచి వచ్చే ధ్వనిని కలిపి ఒకటే మాటతో చెబుతుంది.

గొంతు, గొంతుక అనేవి దారికీ ధ్వనికీ కలిపి పేర్లు. ‘గొంతు నొప్పి’ అన్నప్పుడు అది గ్రసని. ‘ఆయన గొంతు బాగుంది’ అన్నప్పుడు అది స్వరపేటిక చేసే పని. 1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు తొలి అధ్యక్షులుగా మొదలైన సంగీత కళాశాల ఉన్న విజయనగరంలో గొంతు అంటే ముందు పాటే గుర్తుకు వస్తుంది. ఘంటసాల గారు చదువుకున్నది కూడా అక్కడే కదా. కంఠం, గళం సంస్కృత పదాలు. ధ్వని అనే అర్థంలో రాతలో ఎక్కువగా కనిపిస్తాయి. కుత్తుక ఇప్పుడు కావ్యాలలోను, ‘కుత్తుక బంటి నీళ్లు’ వంటి పలుకుబడులలోను మిగిలింది.

పీక అలా కాదు. అది బతికి ఉన్న మాట, మా ప్రాంతంలో నోటి నిండా వినిపించే మాట. పీకకు ఊదే గొట్టం అనే అర్థం కూడా ఉంది. పిల్లల బూరకు ఉండే పీక, చుట్ట కాలిపోగా మిగిలే పీక అందరికీ తెలిసినవే. కాబట్టి మెడలోని అవయవాన్ని పీక అన్నప్పుడు, అది గాలి పోయే గొట్టం అన్న ఊహ ఆ మాటలోనే ఉందని నాకు అనిపిస్తుంది. పీక నొక్కడం, పీకల దాకా తినడం, పీకల్లోతు అప్పులు, పీక మీదికి రావడం: ఈ పలుకుబడులన్నిటిలోను ఊపిరి ఆగిపోతుందేమో అన్న భయం ఉంది. ‘గొంతులో వెలక్కాయ పడ్డట్టు’ అన్న సామెతలోనూ అదే భయం. మింగలేక కక్కలేక, ఊపిరి కూడా ఆడని స్థితి అది.

ఆసుపత్రులలో పనిచేసే యువ వైద్యులకు నా మనవి ఒకటి ఉంది. పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ ‘పీకలో ఏటో అడ్డుపడినట్టున్నాది బాబూ, గాలాడ్డం లేదు’ అంటే, ఆమె చెబుతున్నది గ్రసని గురించా, స్వరపేటిక గురించా, శ్వాసనాళం గురించా అన్నది ఆ మాటను బట్టి తేలదు. ‘ముద్ద మింగుతుంటే నొప్పా, ఊపిరి తీస్తుంటేనా, మాట మారిందా’ అని మూడు ప్రశ్నలు అడిగితే తేలుతుంది. శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి గారు జనం మాట్లాడే భాషకు గౌరవం ఉండాలని జీవితమంతా పోరాడారు. సవరల భాష నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. పీక అనే మాటను నాటు మాటగా కొట్టివేయడం ఆయన పుట్టిన నేల మీద తగని పని.

ఒక చిన్న హెచ్చరిక: ‘గొంతెమ్మ కోరికలు’ అన్న పలుకుబడికీ గొంతుకకూ ఏ సంబంధమూ లేదు. ఆ గొంతి కుంతీదేవి.

శ్వాసనాళానికి అచ్చ తెలుగు మాట లేదా?

ఊపిరి గొట్టం, గాలి గొట్టం అని జనం అంటూనే ఉన్నారు. ఎవరికైనా వెంటనే అర్థమవుతాయి. ఊపిరి అచ్చ తెలుగు మాట. నిడు, ఊర్పు కలిసి నిట్టూర్పు అయింది. ఆ ఊర్పు కూడా ఊపిరే. ఊపిరితిత్తి అనే మాటను చూడండి: తిత్తి అంటే తోలు సంచి, కొలిమి దగ్గర కమ్మరి ఊదేది. కొలిమి తిత్తిని ఒక్కసారి చూసినవాడికి ఊపిరితిత్తి పని వేరే చెప్పనక్కరలేదు. తిత్తి ఉన్నప్పుడు దానికి గొట్టం ఉండడం సహజం, కనుక ఊపిరి గొట్టం అనడంలో వెలితి ఏమీ లేదు. రోగికి, రోగి బంధువులకు చెప్పేటప్పుడు నేను ఈ మాటనే వాడతాను.

సంస్కృతం నుంచి చేసిన పేరే అయినా మా పిల్లలకు ఇట్టే పట్టుబడిన మాట ఇంకొకటి ఉంది: వాయుగోణి. ఊపిరితిత్తుల చివర ఉండే గాలి సంచులకు ఆ పేరు. గోణి అంటే గోనె సంచి. జనపనార మిల్లుల వెంట పెరిగిన నెల్లిమర్ల పిల్లలకు గోనె సంచి అంటే ఏమిటో ఎవరు చెప్పాలి?

ట్రేకియా అనే మాట ఎక్కడిది?

గ్రీకు నుంచి వచ్చింది, దాని వెనుక ఒక పెద్ద పొరపాటు ఉంది. గ్రీకులు గాలి గొట్టాన్ని ‘ఆర్టీరియా’ అనేవారు. చనిపోయిన జంతువులను కోసి చూసినప్పుడు గుండె నుంచి బయలుదేరే గట్టి గొట్టాలు ఖాళీగా కనిపించేవి. ఎందుకంటే మరణం తరువాత రక్తం ఎక్కువగా సిరలలోకి చేరుతుంది. ఖాళీగా ఉన్నాయి కనుక అవి కూడా గాలినే మోస్తాయని అనుకుని, వాటికీ ఆర్టీరియా అనే పేరే ఇచ్చారు. క్రీస్తు పూర్వం మూడవ శతాబ్దంలో ఎరాసిస్ట్రాటస్ వంటి గొప్ప వైద్యుడు కూడా ఆ నమ్మకంతోనే ఉన్నాడు. రెండింటికీ ఒకే పేరైతే చిక్కు కదా! అందుకని ఉంగరాల వలన గరుకుగా ఉండే గాలి గొట్టాన్ని ‘ఆర్టీరియా ట్రఖేయా’, అంటే గరుకు ఆర్టీరియా, అన్నారు. లాటిన్‌లో దాన్నే ‘అస్పెరా ఆర్టీరియా’ అని అనువదించుకున్నారు.

క్రీస్తు శకం రెండవ శతాబ్దంలో గేలెన్ అనే వైద్యుడు బతికి ఉన్న జంతువు ధమనిని రెండు చోట్ల దారంతో కట్టి, నడుమ కోసి, లోపల ఉన్నది రక్తమేనని చూపించాడు. పొరపాటు తేలిపోయింది కానీ పేర్లు మారలేదు. కాలక్రమంలో గాలి గొట్టం తన అసలు పేరును రక్తనాళాలకు వదిలిపెట్టి, గరుకు అనే విశేషణాన్ని మాత్రం దగ్గర ఉంచుకుంది. ఈనాడు ఇంగ్లీషులో ఆర్టరీ అంటే ధమని, ట్రేకియా అంటే వాయునాళం. ఒక అవయవం తన నామవాచకాన్ని పోగొట్టుకుని విశేషణంతో బతకడం భాషల చరిత్రలో నేను చూసిన వింతలలో ఒకటి.

కంటి రెప్పల లోపల గరుకు పొక్కులు లేచే ట్రకోమా జబ్బు పేరు కూడా అదే గరుకు అనే మాట నుంచి వచ్చింది. ఆ జబ్బు ప్రజారోగ్య సమస్యగా మన దేశంలో తొలగిపోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించింది.

మన ధమని అనే మాటలో కూడా గాలి ఉందంటారు, నిజమేనా?

నిజమే. ధమనికి మూలం ‘ధ్మా’ ధాతువు. సంస్కృత ధాతువుల పట్టిక అయిన ధాతుపాఠం దానికి చెప్పిన అర్థం ‘శబ్దాగ్నిసంయోగయోః’. అంటే వాద్యాన్ని ఊది ధ్వని పుట్టించడం, నిప్పును ఊది రాజేయడం. భగవద్గీత మొదటి అధ్యాయంలో ‘పౌండ్రం దధ్మౌ మహాశంఖం’ అని భీముడు శంఖం ఊదిన చోట ఉన్నది ఈ ధాతువే. చరక సంహిత సూత్రస్థానం ముప్పయ్యవ అధ్యాయంలో ‘ధ్మానాద్ధమన్యః స్రవణాత్ స్రోతాంసి సరణాత్ సిరాః’ అని ఉంది: ఊదినట్టు నిండడం వలన ధమనులు, స్రవించడం వలన స్రోతస్సులు, ప్రవహించడం వలన సిరలు. గ్రీకు ఆర్టీరియా గాలి గొట్టం పేరు నుంచి రక్తనాళం పేరైంది. మన ధమని ఊదడం అనే క్రియ నుంచి రక్తనాళం పేరైంది. దీని వలన ఒకరు మరొకరి నుంచి తీసుకున్నారని చెప్పకూడదు. నాడి దగ్గర వేలు పెట్టినవారికి లోపల ఎవరో ఊదుతున్నట్టే తోస్తుంది, అది చాలు.

ఆయుర్వేద గ్రంథాలలో దీనికి ఏ పేరు ఉంది?

సుశ్రుత సంహితలో కంఠనాడి అనే మాట ఉంది. శారీరస్థానంలో ఎముకలను లెక్కపెడుతూ కంఠనాడిలో నాలుగు ఉన్నాయని చెబుతుంది. చెవి, ముక్కు వంటి చోట్ల ఉండే లేత ఎముకలను ఆ గ్రంథం తరుణాస్థులు అంటుంది. ఇప్పుడు మనం మృదులాస్థి అంటున్నది దాన్నే.

అయితే ఆయుర్వేదంలో ‘శ్వాస’ అని కనిపిస్తే తొందరపడకూడదు. అక్కడ అది చాలా చోట్ల జబ్బు పేరు: మహా, ఊర్ధ్వ, ఛిన్న, తమక, క్షుద్ర అని అయిదు విధాలు. ఉబ్బసానికి దగ్గరగా వచ్చేది తమకశ్వాస.

ఎక్స్‌రే రిపోర్టులో ‘ట్రేకియా సెంట్రల్’ అని రాశారు. భయపడాలా?

అవసరం లేదు. శ్వాసనాళం ఉండవలసిన చోటే, ఛాతీ నడిమిలో ఉందని ఆ మాటకు అర్థం. ఒక వైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు లేదా గాలి బాగా చేరితే గొట్టం అవతలి వైపుకు నెట్టబడుతుంది. ఒక వైపు ఊపిరితిత్తి ముడుచుకుపోతే ఆ వైపుకు లాగబడుతుంది. అందుకే వైద్యులు ముందుగా దాన్నే చూస్తారు. రిపోర్టులోని మిగిలిన మాటలకు మాత్రం మీ వైద్యుణ్ణే అడగండి.

పొలమారడం అంటే ఏమిటి? నిజంగా ఎవరో తలుచుకుంటారా?

తింటూ మాట్లాడినప్పుడో, గబగబా నీళ్లు తాగినప్పుడో ఒక చుక్క, ఒక మెతుకు దారి తప్పి గాలి గొట్టం వైపు పోతే వచ్చే ఉక్కిరిబిక్కిరి దగ్గును పొలమారడం అంటాం. ఒక్క మాటలో ఇంత ఖచ్చితంగా చెప్పే పదం తెలుగుకు దక్కడం గర్వించదగిన విషయం. మింగేటప్పుడు స్వరపేటిక పైకి లేస్తుంది, నాలుక మొదట ఉండే ఉపజిహ్విక గాలి గొట్టం మీద మూతలా వాలుతుంది, ఊపిరి ఒక్క క్షణం ఆగుతుంది. నవ్వుతోనో మాటతోనో ఆ క్షణం తప్పితే పొలమారుతుంది.

‘గుంటడికి పొలమారిపోనాది, ఎవులో తలుసుకుంటన్నారు’ అంటూ నెత్తి మీద తట్టే అమ్మమ్మను చూడని ఇల్లు మా వైపు లేదు. ఆ నమ్మకంలోని ఆప్యాయతను నేను కాదనను. అయితే పొలమారిన దాన్ని బయటికి తోసేది ఆ దగ్గే. దగ్గుతున్నంత సేపు గాలి ఆడుతున్నట్టే, కాబట్టి దగ్గనివ్వాలి. దగ్గు ఆగిపోయి, మాట రాక, ముఖం నల్లబడుతుంటే అది పొలమారడం కాదు, గొట్టం పూర్తిగా మూసుకుపోవడం. అప్పుడు మనిషిని ముందుకు వంచి వీపు మీద, రెండు భుజపుటెముకల నడుమ అరచేతి మడమతో అయిదు సార్లు గట్టిగా కొట్టాలి; ఫలితం లేకపోతే వెనక నిలబడి బొడ్డుకు కొంచెం పైన పిడికిలి ఉంచి లోపలికీ పైకీ అయిదు సార్లు నొక్కాలి; ఈ రెండూ మార్చి మార్చి చేస్తూ ఉండాలి, మరొకరు 108కి ఫోను చేయాలి. ఏడాది లోపు పసివారికి కడుపు నొక్కకూడదు. తల కిందికి ఉండేటట్టు ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద తట్టాలి, తరువాత వెల్లకిలా తిప్పి రొమ్ము నడుమ ఒక అరచేతి మడమతో నొక్కాలి. కనిపించని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి కెలకడం ప్రమాదం, అది ఇంకా లోపలికి పోతుంది.

చిన్న పిల్లలకు జీడిపప్పు, వేరుశనగ పలుకులు పెట్టవద్దని ఎందుకంటారు?

పలాస చుట్టుపక్కల ఇళ్లలో జీడిపప్పు చేతికందే వస్తువు, ఈ ప్రశ్న అక్కడి తల్లులే ఎక్కువగా అడిగారు. దవడ పళ్లు పూర్తిగా రాని పిల్లలు పలుకును నమలలేరు; నోట్లో పెట్టుకుని పరుగెత్తుతారు, ఏడుస్తారు, నవ్వుతారు. వాళ్ల గాలి గొట్టం లోపలి వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. పలుకు అక్కడ దాటిపోతే ఎక్కువగా కుడి వైపు ఊపిరితిత్తిలోకి పోతుంది, ఎందుకంటే గొట్టం చీలికలలో కుడి కొమ్మ ఎడమదాని కంటే వెడల్పు, పొట్టి, ఎక్కువ నిటారు. అక్కడ ఇరుక్కున్న పలుకు తడికి ఉబ్బుతుంది. మొదటి ఉక్కిరిబిక్కిరి తగ్గిపోయాక బిడ్డ మామూలుగా కనిపించినా, రోజుల తరబడి వదలని దగ్గు, ఒక వైపే వినిపించే పిల్లికూతలు ఉంటే, పలుకు తిన్న సంగతి వైద్యుడికి తప్పక చెప్పాలి. అలాంటి వస్తువు ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు. ఇంటివారు చెప్పే మాటే ఆధారం. నాలుగైదేళ్లు నిండే దాకా పప్పును పొడి చేసి పెట్టడమే మంచిది.

పొగ తాగితే శ్వాసనాళానికి ఏమవుతుంది?

గొట్టం లోపలి పొర మీద కంటికి కనిపించని సన్నని కేశాల వంటివి ఉంటాయి, వాటిని శైలికలు అంటారు. అవి వరిచేను గాలికి ఊగినట్టు ఒకే దిక్కుగా ఊగుతూ, దుమ్ము పట్టిన జిగురును పైకి గొంతు దాకా నెడుతుంటాయి. పొగ వాటిని మొద్దుబారుస్తుంది, చివరికి నశింపజేస్తుంది. అప్పుడు జిగురును పైకి తేవడానికి దగ్గు ఒక్కటే మిగులుతుంది. మా జిల్లాల్లో కాలే కొసను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అలవాటు ముసలివారిలో ఇంకా ఉంది. దాని దెబ్బ ముందుగా అంగిలికి తగులుతుంది, అంగిలి కాన్సరుకు అది పేరుమోసిన కారణం.

కీటకాల్లోను, మొక్కల్లోను కూడా ట్రేకియా ఉందని చదివాం. అదే మాటా?

అదే మాట, అవయవం వేరు. కీటకాలకు ఊపిరితిత్తులు లేవు. ఒంటి పక్కన ఉన్న రంధ్రాల నుంచి గాలి సన్నని గొట్టాల గుండా నేరుగా కణాల దాకా పోతుంది. మన పుస్తకాలు దాన్ని వాయునాళ శ్వాసవ్యవస్థ అంటాయి. బొద్దింక గొట్టాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే లోపల స్ప్రింగులా చుట్టలు కనిపిస్తాయి, మన గొట్టంలోని ఉంగరాలు చేసే పనే అవీ చేస్తాయి. పట్టుపురుగులో ఈ గొట్టాలను 17వ శతాబ్దంలో ఇటలీ శాస్త్రవేత్త మాల్పీజీ వర్ణించాడు. మొక్కల దారువులో చుట్టలు తిరిగిన నాళాలను చూసి వాటినీ కీటకాల గొట్టాలతో పోల్చాడు. మొక్కలో ఆ గొట్టం మోసేది నీరు, గాలి కాదు. పేరు మాత్రం అంటుకుపోయింది.

ఎలా రాయాలి: శ్వాసనాళమా, స్వాసనాళమా, శ్వాసనాలమా?

శ్వాసనాళం అనే రాయాలి. మొదటి అక్షరం ‘శ్వా’, రెండవది ‘స’, ‘శ్వాశ’ తప్పు. చివర ‘ళ’. బహువచనం శ్వాసనాళాలు. నాళికలో ఉన్న ‘ఇక’ చిన్నదని తెలుపుతుంది, కనుక శ్వాసనాళిక అంటే సన్నని గొట్టమే.

‘మెడకు గొట్టం వేశారు’ అంటే ఏమిటి? ఆ మనిషికి మాట ఎందుకు రాదు?

ట్రేకియాస్టమీ అనే శస్త్రచికిత్సను మన జనం అలా అంటారు, ఆ మాట సరిగ్గానే ఉంది. పై దారి మూసుకుపోయినప్పుడు, లేదా ఎక్కువ రోజులు యంత్రం మీద ఊపిరి అందించవలసి వచ్చినప్పుడు, మెడ ముందు వైపు శ్వాసనాళానికి రంధ్రం చేసి గొట్టం అమరుస్తారు. 1543లో అచ్చయిన తన శరీరశాస్త్ర గ్రంథంలో వెసాలియస్, జంతువు శ్వాసనాళానికి రంధ్రం చేసి అందులో రెల్లు గొట్టం పెట్టి ఊదితే ఊపిరితిత్తి మళ్లీ పొంగుతుందని రాశాడు.

మాట రాకపోవడానికి కారణం తేలిక. స్వరపేటిక రంధ్రానికి పైన ఉంది, గాలి కిందనే బయటికి పోతోంది, స్వరతంత్రులను కదిలించే గాలి వాటి దాకా చేరడం లేదు. స్వరం పోలేదు, దానికి అందవలసిన ఊపిరి అందడం లేదంతే. కోలుకునే దశలో, వైద్యులు తగిన గొట్టం అమర్చి సరేనన్న తరువాత, రోగి ఊపిరి వదులుతూ వేలితో గొట్టం మూతిని ఒక్క క్షణం మూస్తే గాలి పైకి పోయి మాట వస్తుంది.